అక్క ఎంగిలి

మా సంఘానికి సొంత కట్టడం లేదు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వాళ్ళు మూడో అంతస్తులోని క్లాసు గదిని ఆదివారం పొద్దున పూట మాకు అద్దెకిస్తారు. శనివారం చెప్పిన పాఠం బోర్డు మీద అలాగే ఉంటుంది, పక్కన ‘దయచేసి చెరపవద్దు’ అని రాసి. ఆ ప్రోగ్రాముల ముందు నిలబడే మా పాస్టరు అయ్యగారు ప్రసంగం చేస్తారు. సారు బల్ల మీద నేను కుట్టిన తెల్లగుడ్డ పరిచి రొట్టె, ద్రాక్షరసం పెడితే అది ప్రభువు బల్ల అవుతుంది. కరోనాకు ముందు రసం ఒకే గిన్నెలో ఉండేది. హోటల్లో పక్కవాడు ముట్టిన గ్లాసు కూడా మార్పించుకునే మనుషులం, అక్కడ మాత్రం ఒకరి తర్వాత ఒకరం అదే గిన్నెకు పెదవులు ఆనించేవాళ్ళం. ఎంగిలి అన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. కరోనా తర్వాత వేలెడంత ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. గిన్నె మళ్ళీ రాలేదు.

ఎంగిలి అన్న మాట గురించే నేను చెప్పాలి. ఆ మాటతో మా అక్కను నేనే చంపానని ఇప్పటికీ అనిపిస్తుంది. అన్నవాహికకు వచ్చిన క్యాన్సర్ వల్ల పోయిందని డాక్టర్లు కాగితం మీద రాశారు. రాసుకోనీ.

మాది మగ్గాల ఊరు. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. అప్పటికి అక్కకు పదమూడు. నాయన మగ్గం దిగేవాడు కాదు, కాబట్టి నన్ను పెంచింది అక్కే. తన పళ్ళెంలో కలుపుకుని ఒక ముద్ద తను తిని, ఇంకో ముద్ద నాకు పెట్టేది. మిరపకాయ కారంగా ఉంటే తను కొరికి చూసి, కారం లేని కొసను నా నోట్లో పెట్టేది. నాకు వేరే పళ్ళెం ఉందన్న సంగతి బడిలో చేరేదాకా తెలియదు. పెళ్ళయి అక్క బల్కంపేటకు వస్తే, నా పెళ్ళయ్యాక నేనూ వెనకే ఈ ఊరికి వచ్చాను. మా ఆయనకు సనత్‌నగర్‌లో లేతు మిషను మీద పని. నేను అమీర్‌పేట సందులో చిన్న షాపు పెట్టుకుని జాకెట్లు కుడతాను. బావ చనిపోయాక కూడా అక్క బల్కంపేటలోని ఆ ఒక్క గదిని వదల్లేదు. ఎల్లమ్మ గుడి గంట వినిపించని చోట తనకు నిద్ర పట్టదనేది.

ఏడేళ్ళ కిందట నేను బాప్తిస్మం తీసుకున్నాను. ఎందుకు, ఎలా అన్నది వేరే కథ, అందులో నాకు పశ్చాత్తాపం లేదు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు నోరు ఎక్కువ. నాకు అసలే ఎక్కువ. ఆ ఏడు బోనాల ఆదివారం అక్క గుడి నుంచి నేరుగా నా షాపుకు వచ్చింది. ఎప్పటిలాగే స్టీలు డబ్బాలో బోనం అన్నం తెచ్చింది, పాలూ బెల్లమూ పోసి వండినది. పొద్దుటినుంచి ఉపవాసం ఉన్న మనిషి, నాతో కలిసి తిందామని వచ్చింది. మా సంఘం వాళ్ళు ఇద్దరు జాకెట్ల కొలతలిస్తూ అక్కడే ఉన్నారు. వాళ్ళు నన్నే చూస్తున్నారు.

“అక్కా, అది విగ్రహాల ఎంగిలి. నేను తినను,” అన్నాను.

ఆ మాట నాది కాదు. సంఘంలో విని నేర్చుకున్నది. కానీ అన్న నోరు నాదే. అక్క డబ్బా మూత పెట్టింది. ఆ మూత సరిగ్గా పట్టేది కాదు, రెండుసార్లు నొక్కింది. 

“నా ఎంగిలి తిని పెరిగినవ్,” అంది. “గిప్పుడు నేను తెచ్చింది ఎంగిలి అంటున్నవా? సరే. నా బోనం నువ్వు తినేదాకా నీ చేతి నీళ్ళు సుత నేను ముట్టను. ఎల్లమ్మ మీద ఒట్టు.”

ఇలాంటి ఒట్లు వారం రోజులుంటాయి అనుకున్నాను. ఏడేళ్ళు ఉంది. మాటలు ఆగలేదు, రాకపోకలూ ఆగలేదు. నాకు జ్వరం వస్తే వచ్చి కాళ్ళు పట్టేది. కానీ మా ఇంట్లో మంచినీళ్ళు తాగేది కాదు. ఎండలో నడిచి వచ్చి, నాలుక పిడచగట్టుకుపోతున్నా, ‘దూప లేదు’ అనేది. తన పక్క గదిలో ఉండే ముస్లిం ఆవిడ ఇచ్చే చాయ్ రోజూ తాగేది. నేను ఇచ్చేది ముట్టేది కాదు. నేను క్షమించమని అడగలేదా అంటే, అడిగాను. ‘నోటితోని అన్నవ్, నోటితోనే తీస్కో’ అనేది. తినాలి అని అర్థం. తినను అని నేను. ఇద్దరం ఒకే పళ్ళెంలో పెరిగినవాళ్ళం, మొండితనం కూడా అందులోంచే సమానంగా పంచుకున్నాం.

నిరుడు చలికాలంలో అక్కకు ముద్ద దిగడం కష్టమైంది. పంజాగుట్టలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. పరీక్షలు, రేడియేషన్ అని కరెంటు పెట్టడాలు అన్నీ అయ్యాయి. ఎండాకాలం పోయేసరికి మనిషి సగమైంది. ముక్కులోంచి వేసిన గొట్టాన్ని రెండుసార్లు పీకేసింది. మూడోసారి వేయనివ్వలేదు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, “జబ్బు కంటే ముందు ఆకలితో పోతారు ఈవిడ. జావో గంజో, నోటితో ఏది దిగితే అది తాగించండి. కాస్త కోలుకుంటేనే తర్వాతి వైద్యం,” అంది. ఎవరు తాగించాలి? చాయ్ ఇచ్చే ఆవిడకు నలుగురు పిల్లలు. ఒక్కో చెంచా పోసి, దిగేదాకా ఆగి, తుడిచి, మళ్ళీ పోయాలంటే గంట కూర్చునే మనిషి కావాలి. అక్కకు ఉన్నదాన్ని నేను ఒక్కదాన్నే.

రోజూ పొద్దున రాగిజావ కాచి ఫ్లాస్కులో పోసుకుని బల్కంపేటకు వెళ్ళేదాన్ని. అక్క పెదవులు బిగించుకునేది. బతిమాలాను. తిట్టాను. కాళ్ళు పట్టుకున్నాను. ఒకరోజు దవడ పట్టుకుని బలవంతంగా పోయబోయాను, జావంతా మెడ మీదుగా కారింది. ఆ మెడలో ఎముకలు తప్ప ఏమీ లేవు. తుడుస్తూ గట్టిగా ఏడ్చేశాను. ఎవరికి ప్రార్థన చేయాలో నాకు తెలుసు, చేస్తూనే ఉన్నాను, ఆయన వింటున్నట్టు మాత్రం నాకు అనిపించలేదు. ఉన్నమాట చెప్తున్నాను. ఆ నెలంతా నా ప్రార్థన ఆ గది పైకప్పు దాటలేదు.

బోనాలకు ఆరు రోజుల ముందు అక్క తనే మాట్లాడింది. గొంతు గాలిలా వచ్చేది.

“ఆదివారం నా బోనం ఎదురింటామె ఎత్తుతది. గా అన్నం నా ముందర తిను. నీ జావ తాగుత.”

“ఇప్పుడే తింట అక్కా. ఏదన్న పెట్టు, నీ పళ్ళెంలనే తింట.”

“గట్ల కాదు. ఏది కాదన్నవో గదే తినాలె.”

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తినేద్దామనే అనుకున్నాను. ఏడేళ్ళలో నా భక్తి కాస్త ముదిరింది, పాలూ బెల్లమూ కలిసిన అన్నం నా దేవుణ్ణి నా నుంచి ఎత్తుకుపోదని తెలుసు. ఆగింది నా కోసం కాదు. మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది.

కృష్ణానగర్ నుంచి వచ్చిన ఆవిడ. ముప్ఫై రెండేళ్ళుంటాయి, సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళిలో, బజారులో గుంపులో నిలబడే వేషాలు. వాళ్ళమ్మకు పూనకం వచ్చేది. ఈవిడ చిన్నప్పుడు ఒక బోనాల రోజు పూనకంలో వాళ్ళమ్మ నలుగురి ముందూ, ‘ఈ పిల్ల నాకు కావాలె’ అందట. అప్పటినుంచి పసుపు, వేపాకు వాసన కలిసి తగిలితే చాలు, ఈవిడకు వణుకు. జాతర సీను ఉందంటే షూటింగుకే వెళ్ళదు, ఆ పూట పస్తుంటుంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి, నాతో పాటు సంఘానికి వచ్చి, నిరుడు బాప్తిస్మం తీసుకుంది. ఇంట్లోంచి వెళ్ళగొడితే మా ముందు గదిలో ఉంటోంది. నేను ఏం చేస్తే అది చేస్తుంది. నేను ముసుగు వేసుకున్నంత కిందికే ముసుగు వేసుకుంటుంది.

బుధవారం పంజాగుట్టలో అయ్యగారి ఇంటికి వెళ్ళి అడిగాను. గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. అంతా విన్నారు.

“మీకు స్వేచ్ఛ ఉందమ్మా. అన్నం అన్నమే. మీ మనస్సాక్షి తప్పు పట్టకపోతే తినొచ్చు,” అన్నారు.

ప్రాణం లేచి వచ్చింది. అయ్యగారు ఇంకా ముగించలేదు.

“కానండి, మిమ్మల్ని చూసి ఆ అమ్మాయి పడిపోతే? స్వేచ్ఛ ఉన్నది మనం వాడుకోవడానికే కాదు కదండీ, ఎదుటివాళ్ళ కోసం మానుకోవడానికి కూడా.”

“మరి మా అక్క చచ్చిపోతే?”

“ప్రార్థన చేద్దామమ్మా,” అన్నారు అయ్యగారు. మా దగ్గర ప్రార్థన చేద్దాం అంటే మాటలు అయిపోయాయని. కళ్ళు మూసుకున్నాను గానీ ఒక్క మాట చెవికెక్కలేదు. అమ్మగారు, అంటే ఆయన భార్య, వంటింటి గుమ్మంలో బీరకాయ చెక్కు తీస్తూ అన్నీ వింది.

ఆ ఆదివారం బల్లకు ముందు ప్రార్థన మనవుల సమయం వచ్చింది. ఎవరి కష్టం వాళ్ళు లేచి చెప్పుకుంటారు, మిగతావాళ్ళు ప్రార్థిస్తారు. సంఘంలో ఏ సంగతైనా బయటపడేది అప్పుడే. మామూలుగా చెబితే చాడీ, కళ్ళు మూసుకుని చెబితే ప్రార్థన. అమ్మగారు లేచింది. మంచి మనిషే, నా కోసం నిజంగానే ఏడుస్తోంది.

“ప్రభువా, జాకెట్లు కుట్టే మా సహోదరిని జ్ఞాపకం చేసుకోండి. వాళ్ళ అక్కగారి కోసం విగ్రహానికి పెట్టిన అన్నం తినాలా వద్దా అని నలిగిపోతోంది తండ్రీ...”

నలభై మంది ‘ఆమేన్’ అన్నారు. నేను కళ్ళు తెరిచాను. పక్క కుర్చీలో కృష్ణానగర్ ఆవిడ అప్పటికే కళ్ళు తెరిచి ఉంది. కుర్చీకున్న రాతపలకను పక్కకు తోసి లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఫ్లాస్కు చంకన పెట్టుకుని వెనకే పరుగెత్తాను. కింద హాస్టల్ పిల్లలు ఇడ్లీ బండి చుట్టూ మూగి ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి దూరి, మెట్రో స్తంభం దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“నిజమేనా సిస్టర్? తింటున్నరా?” అంది.

“మా అక్క ఏమీ తింటలేదు. చచ్చిపోతది.”

“మీరే చెప్పిండ్రు గద నాకు, గది ఒట్టి ఎంగిలి, దానికేం బలం లేదని. గా ఒక్క మాట పట్టుకునే నేను ఇంట్లకెల్లి బయటికొచ్చిన. రాత్రి భయమైతే గదే అనుకుంట. గిప్పుడు మీరే తింటే నేనేం అనుకోవాలె?”

అవును, నేనే చెప్పాను. అక్కను తరిమేసిన మాటే ఈమెకు తాడులా అందించాను. మాట ఒక్కటే, ఒకరి గొంతు నొక్కింది, ఇంకొకరిని నూతిలోంచి లాగింది. ఇప్పుడు అక్క కోసం దాన్ని వెనక్కి తీసుకుంటే ఈమె చేతిలో ఏమీ ఉండదు. తీసుకోకపోతే అక్క ఉండదు.

“నాకు తెల్వది,” అన్నాను. “నాకేం తెల్వది. నేను పోతున్న. నన్ను క్షమించు.”

బల్కంపేట వైపు నడిచాను. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే ఆమె పది అడుగుల దూరంలో వస్తోంది. ఎందుకు వస్తోందో నేను అడగలేదు, నా వల్ల కాలేదు. గుడి వీధి దగ్గరయ్యేసరికి డప్పులు గుండెల్లో మోగాయి. తలల మీద బోనాలు, వేపకొమ్మలు, పసుపు నీళ్ళు చల్లిన రోడ్డు. చల్లగా ఏదో చేతికి తగిలింది. చూస్తే ఆమె వేళ్ళు. నా కొంగు పిడికిట బిగించుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ నడుస్తోంది. షూటింగుల్లో గుంపులో నిలబడడం పనిగా ఉన్న మనిషి, ఆ గుంపులో ప్రాణం పోతున్నట్టు నడిచింది.

అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. మంచం మీద ఆ పాత స్టీలు డబ్బా, మూత తీసి ఉంది. అన్నం మీద ఒక వేపాకు రెమ్మ. గది నిండా ఆ వాసన. కృష్ణానగర్ ఆవిడ గడప దగ్గరే ఆగిపోయింది.

“కూసో. తిను,” అంది అక్క.

కూర్చున్నాను. ముద్ద తీసుకున్నాను. వెచ్చగా ఉంది. నోటిదాకా ఎత్తాను, అప్పుడు అక్క గడప వైపు చూసింది.

“ఎవరామె? ఎందుకట్ల వణుకుతుంది?”

నేను చెప్పబోయేలోపు ఆమే చెప్పింది. గడప అవతలి నుంచే, తల వంచుకుని, పూనకం సంగతి, వాళ్ళమ్మ అన్న మాట, అంతా చెప్పింది. అక్క కళ్ళు ఆర్పకుండా విన్నది.

“ఎల్లమ్మ ఎవర్నీ గట్ల జడిపియ్యదు బిడ్డా. మనుషులే జడిపిస్తరు,” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “ముద్ద డబ్బాల పెట్టు.”

“తింట అక్కా. నేను తింట.”

“పెట్టు అంటున్న గద. మూత పెట్టి గూట్లె పెట్టు. పిల్ల జడుసుకుంటుంది, కండ్లు కనవడ్తలేవా నీకు?”

“మరి నీ ఒట్టు?”

“ఒట్టు నాది. వేసుకున్నది నేనే, తీసేది నేనే. నీకేం ఫికర్?”

అక్కే ముందుకు వంగి నా వేళ్ళలోని ముద్దను డబ్బాలో రాల్చి, మూత పెట్టింది. ఆ మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు. రెండుసార్లు నొక్కింది. ఏడేళ్ళ కిందట నా నోటికి జడిసి మూసిన డబ్బాను, ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఒక మనిషి కోసం మూసింది. వాక్యం తెలియని మనిషి, ఒక్క ఆదివారం మా క్లాసు గదిలో కూర్చోని మనిషి. అయ్యగారు నాకు చెప్పిన పాఠాన్ని నేను బుధవారం నుంచి మోస్తూ తిరుగుతున్నాను, అక్క వినకుండానే చేసేసింది. సిగ్గుతో నా తల పైకి లేవలేదు.

“లోపలికి రా బిడ్డా,” అంది అక్క గడప వైపు చూసి. తర్వాత నోరు తెరిచింది.

స్టీలు గ్లాసులో జావ పోసి చెంచాతో పట్టాను. మొదటి చెంచా దిగడానికి ఎంతసేపు పట్టిందో. మెడ నరాలు తాళ్ళలా లేచాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మళ్ళీ నోరు తెరిచింది. చెంచా చెంచాకూ ఆగి, అలసి, సగం గ్లాసు తాగింది. ఏడేళ్ళ తర్వాత నా చేతిది.

“ఇగ నాతోని కాదు. పారబొయ్,” అంది.

నేను పారబోయలేదు. చెంచా తీసేసి గ్లాసు ఎత్తి తాగాను. అక్క పెదవులు ఆనినచోటే నా పెదవులు ఆనించాను. మందు చేదు, కొంచెం నెత్తురు వాసన. పక్కన కూర్చున్న కృష్ణానగర్ ఆవిడ చెయ్యి చాపింది.

“ఎంగిలి బిడ్డా గది,” అంది అక్క.

“తెలుసమ్మా,” అని, అడుగున ఉన్నదంతా తాగింది.

ఆ జావ అక్క కడుపులో గంట కూడా నిలవలేదు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు నా చేతిదే తాగింది, రోజుకు కొన్ని చెంచాలు. అప్పటికే ఆలస్యమైపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఎంత ఆలస్యం అని నేను అడగలేదు. నాకు తెలుసు.

ఆ బోనాల రోజు సాయంత్రమే, కృష్ణానగర్ ఆవిడను ఇంట్లో దింపి నేను ఒక్కదాన్నే మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళాను. నా వంతు అన్నం తినాలని వెళ్ళాను. గూట్లో డబ్బా కడిగి బోర్లించి ఉంది. ఎండకు పులిసిపోతుందని అక్క ఆ అన్నం ఎదురింటి పిల్లలకు పెట్టించేసింది.

“నాకేది అక్కా?” అన్నాను.

“వచ్చే ఏడు తిందువు తీయ్,” అంది.

అక్క మెడ ఎముకలు చూస్తూ, సరేనన్నాను.